సీడీ 100 ఇంజన్ కట్టిన తర్వాత క్యామ్ టైమింగ్ ఎలా పెట్టాలి?

పాత హీరో హోండా సీడీ 100 ఇంజన్‌ను విప్పి, బోరింగు చేయించి, కొత్త పిస్టన్ వేసి కట్టుకున్నవారు నన్ను అడిగే ప్రశ్నలన్నీ చివరికి ఒకే చోటికి వస్తాయి. "అన్నీ కొత్తవే వేశాను, ప్లగ్గులో స్పార్కు వస్తోంది, పెట్రోలు అందుతోంది, అయినా బండి స్టార్టు కావడం లేదు" అని ఒకరు అడుగుతారు. "స్టార్టయింది కానీ పికప్ లేదు, కార్బొరేటర్ వైపు నుంచి టప్పుటప్పుమని కొడుతోంది" అని మరొకరు అడుగుతారు. విప్పి చూస్తే చాలాసార్లు టైమింగ్ చైను ఒక పన్ను అటో ఇటో పడి ఉంటుంది. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా మొత్తం పద్ధతిని ఒకచోట వివరంగా రాయడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

హీరో, హోండా కంపెనీలు 1984లో చేయి కలిపాక, 1985లో హర్యానాలోని ధారూహేడా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి ఇది. 50 మిల్లీమీటర్ల బోరు, 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు, 97.2 సీసీ, నాలుగు గేర్లు, దాదాపు అడ్డంగా పడుకున్న సిలిండరు దీని లక్షణాలు. 1994లో వచ్చిన స్ప్లెండర్ కూడా ఇదే కుటుంబానికి చెందిన ఇంజన్ కనుక, పాత స్ప్లెండర్ కట్టుకునేవారికీ ఈ పద్ధతి పనికొస్తుంది. కొలతలు, బోల్టుల బిగువు మాత్రం మీ బండి మోడల్‌కు చెందిన మాన్యువల్ ప్రకారమే తీసుకోండి.

సిద్ధాంతం ఇంత తెలిస్తే చాలు. పిస్టన్ తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్, ఈ రెండింటినీ కలిపేది టైమింగ్ చైను. వాల్వులు పిస్టన్ కదలికకు సరిపడా తెరుచుకునేలా ఆ చైను ఎక్కించడమే క్యామ్ టైమింగ్. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే క్యామ్ స్ప్రాకెట్‌కు క్రాంక్ స్ప్రాకెట్ కన్నా రెట్టింపు పళ్ళుంటాయి. మీ క్యామ్ స్ప్రాకెట్ పళ్ళు లెక్కపెట్టి, 720ని ఆ సంఖ్యతో భాగించండి. 28 పళ్ళుంటే ఒక పన్ను తప్పినందుకు క్రాంక్ లెక్కలో దాదాపు 26 డిగ్రీల తేడా వస్తుంది. "ఒక్క పన్నేగా, నడుస్తుందిలే" అనుకునేవారికి ఈ ఒక్క అంకె చూపిస్తే సరిపోతుంది.

కావలసినవి

మామూలు రింగ్, సాకెట్ స్పానర్లు, ప్లగ్ స్పానర్, వాల్వు గ్యాపు సరిచేసే స్క్రూను, అంటే ట్యాపెట్‌ను, తిప్పే ట్యాపెట్ కీ, సందు కొలవడానికి 0.05 మిల్లీమీటర్ల పలక ఉన్న ఫీలర్ గేజ్, బిగువు కొలిచే చిన్న టార్క్ రెంచ్, టార్చి లైటు, రెండడుగుల బైండింగ్ తీగ, నూలు పోగులు ఊడని శుభ్రమైన గుడ్డ, గుర్తులు పెట్టుకోవడానికి వైట్‌నర్ లేదా సన్నని పెయింటు, కొద్దిగా ఇంజన్ ఆయిలు, సూది తీసేసిన ఇంజెక్షన్ సిరంజి దగ్గర పెట్టుకోండి. హెడ్ పక్క మూతకూ ట్యాపెట్ మూతలకూ కొత్త ఓ రింగులు తెచ్చుకోండి. పాత రింగులు వేడికి గట్టిపడి ఉంటాయి, మళ్ళీ అవే వేస్తే రెండు రోజుల్లో హెడ్ చుట్టూ ఆయిలు చెమ్మ కనిపిస్తుంది. టార్క్ రెంచ్ లేనివారు స్ప్రాకెట్ బోల్టులకు పొట్టి స్పానర్ వాడాలి. అవి చిన్న బోల్టులు, పొడుగు పిడితో లాగితే తెగి సగం క్యామ్‌లోనే ఉండిపోతాయి.

మొదలుపెట్టే ముందు చూడవలసినవి

గుర్తులు కలపడం తేలిక. ఆ గుర్తులు నిజం చెబుతున్నాయో లేదో తేల్చుకోవడమే అసలు పని. చాలామంది ఈ భాగాన్ని దాటేసి నేరుగా చైను ఎక్కిస్తారు, తర్వాత రోజంతా కిక్ కొడతారు.

మొదట మాగ్నెట్ చూడండి. ఎడమ వైపున్న ఫ్లైవీల్‌నే మనమంతా మాగ్నెట్ అంటాం. దాని అంచు మీద టి అనే గుర్తు, ఎఫ్ అనే గుర్తు ఉంటాయి. టి గుర్తు కేసు మీది గీతకు ఎదురుగా వచ్చినప్పుడు పిస్టన్ టీడీసీలో, అంటే హెడ్‌కు పూర్తిగా దగ్గరగా ఉన్నట్టు. ఎఫ్ గుర్తు స్పార్కు పడే చోటుకు సంబంధించినది, టి కన్నా కొన్ని డిగ్రీలు ముందే వస్తుంది. ఈ మాగ్నెట్‌ను క్రాంక్ మీద దాని స్థానంలో నిలిపేది అర్ధచంద్రాకారపు చిన్న కీ. మాగ్నెట్ నట్టు ఎప్పుడైనా వదులుగా ఉండి నడిచిన బండిలో ఆ కీ తెగి, మాగ్నెట్ కొంచెం పక్కకు జరిగి బిగుసుకుపోవచ్చు. అప్పుడు టి గుర్తు సరిగ్గా గీత దగ్గరే కనిపిస్తుంది గానీ పిస్టన్ టీడీసీలో ఉండదు.

ఒకసారి నా దగ్గరికి వచ్చిన 1980ల నాటి సీడీ 100 మీద రెండు రోజులు పనిచేశాను. అప్పటికే వేరే షెడ్డులో మూడుసార్లు హెడ్ విప్పి కట్టారు. గుర్తులన్నీ అద్దంలో చూసినట్టు కలుస్తున్నాయి, బండి మాత్రం వేడెక్కిపోతోంది, లాగడం లేదు. చివరికి పుల్లర్ పెట్టి మాగ్నెట్ ఊడదీస్తే, కీ రెండు ముక్కలై, ఒక ముక్క క్రాంక్ గాడిలో, ఇంకో ముక్క మాగ్నెట్ గాడిలో, మధ్యలో వెండి రంగులో మెరిసే సన్నని మెట్టుతో కనిపించింది. ఆ మెట్టు మందం గోటి అంచంత కూడా లేదు. అప్పటి నుంచి ఇంజన్ పూర్తిగా కట్టేటప్పుడు మాగ్నెట్ తీసి కీ చూడకుండా టి గుర్తును నమ్మడం మానేశాను. మీరూ నమ్మవద్దు. మాగ్నెట్ తీయడానికి సరైన పుల్లరే వాడాలి, సుత్తితో కొడితే క్రాంక్ దెబ్బతింటుంది.

రెండోది చైను, స్ప్రాకెట్లు. ఇంజన్ పూర్తిగా విప్పి కడుతున్నారు గనుక కొత్త చైను వేయడమే మంచిది. పాత చైనునే వాడాలనుకుంటే, కొత్తదానితో పక్కపక్కన బల్ల మీద పరచి పొడవు పోల్చండి. సాగిన చైను క్యామ్‌ను ఎప్పుడూ ఆలస్యం చేస్తుంది గానీ ముందుకు జరపదు. హెడ్‌ను గానీ సిలిండరు ముఖాన్ని గానీ అరగదీయించి ఉంటే, హెడ్ క్రాంక్‌కు కొద్దిగా దగ్గరవుతుంది కనుక దాని ప్రభావం కూడా ఆలస్యం వైపే ఉంటుంది. రెండూ కలిస్తే గుర్తులో తేడా కంటికి కనిపించేంత పెరుగుతుంది.

మూడోది టెన్షనర్. చైను బిగువును నిలిపే పుష్ రాడ్డు, స్ప్రింగు ఇంజన్ అడుగున ఎడమ వైపు ఒక బోల్టు వెనుక ఉంటాయి. స్ప్రింగు విరిగిందా, రాడ్డు కొన మీది రబ్బరు అరిగిందా, లోపలి రోలర్ల రబ్బరు గట్టిపడి పగిలిందా చూడండి. ఆ బోల్టునూ ఆయిలు డ్రెయిన్ బోల్టునూ తారుమారు చేసేవారు ఉన్నారు, కనుక విప్పేముందు ఏది ఏదో తేల్చుకోండి.

దశలవారీగా

1. స్పార్క్ ప్లగ్ తీసేయండి. కంప్రెషన్ లేకుండా ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది, గుర్తు దగ్గర సరిగ్గా ఆపగలుగుతారు. రెండు ట్యాపెట్ మూతలూ, హెడ్ ఎడమ వైపు పక్క మూతా, ఎడమ క్రాంక్ కేసు మూతా విప్పి, మాగ్నెట్ గుర్తులూ క్యామ్ స్ప్రాకెట్ ఉండే చోటూ స్పష్టంగా కనిపించేలా చేసుకోండి. టి గుర్తులో, కేసు మీది గీతలో పేరుకున్న మసిని పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆ రెండింటికీ వైట్‌నర్ సన్నగా రాయండి. ఎఫ్ గుర్తుకు మాత్రం రాయకండి. రెండూ తెల్లగా కనిపిస్తే తొందరలో తప్పు గుర్తు దగ్గర ఆపే ప్రమాదం ఉంది.

2. చైనును తీగతో పట్టి ఉంచండి. సిలిండరు, హెడ్ ఎక్కించేటప్పుడు చైనును సిలిండరు పక్కనున్న దాని దారిలోంచి, అంటే సొరంగంలోంచి, పైకి లాగి బైండింగ్ తీగతో కట్టండి. ఇక్కడి నుంచి చైను వదులుగా ఉన్నంతసేపూ, మాగ్నెట్ తిప్పిన ప్రతిసారీ ఒక చేత్తో చైనును బయటికి లాగి పట్టుకోవాలి. లేకపోతే చైను క్రాంక్ స్ప్రాకెట్ దగ్గర ముడుచుకుని కేసుకు మధ్య ఇరుక్కుంటుంది. బలవంతంగా తిప్పితే కేసు పగలవచ్చు. హెడ్ ఎక్కించకముందే తిప్పవలసి వస్తే సిలిండరును కూడా కిందికి అదిమి పట్టుకోండి, లేదంటే పిస్టన్‌తో పాటు అదీ లేచి కింది గాస్కెట్ కదులుతుంది.

3. క్యామ్‌కు, అది తోస్తే వాల్వులను నొక్కే రాకర్లకు ఆయిలు పూసి హెడ్‌లో అమర్చండి. క్యామ్ ఎత్తు భాగాలు, మనవాళ్ళు లోబులు అనేవి, రాకర్లను తోయకుండా పిస్టన్ వైపుకు చూసేలా ఉంచాలి. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి కన్నుకన్నా వేలే నయం: రెండు రాకర్లనూ ట్యాపెట్ రంధ్రాల్లోంచి వేలితో కదపండి, రెండూ టిక్కుటిక్కుమని వదులుగా ఆడాలి. ఒక్కటి బిగుసుకున్నా క్యామ్‌ను కొంచెం తిప్పి, రెండూ వదులయ్యే చోట ఆపండి. ఈ స్థితిలో రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి కనుక, మాగ్నెట్ తిప్పినా పిస్టన్ వాల్వులకు తగిలే భయం ఉండదు. క్రాంక్ ఏ స్థితిలో ఉందో తెలియకుండా క్యామ్‌ను గుండ్రంగా తిప్పేయడం మాత్రం చేయకండి. వాల్వు వంగితే మొత్తం పని మళ్ళీ మొదటికొస్తుంది.

4. హెడ్ నట్లను మాన్యువల్ చెప్పిన బిగువుకు, ఎదురెదురు మూలల వరుసలో, రెండు మూడు విడతలుగా బిగించండి. టైమింగ్ పెట్టిన తర్వాత హెడ్ నట్లు బిగిస్తే గాస్కెట్ అణిగి చైను లెక్క మారుతుంది. అందుకే హెడ్ పూర్తి బిగువుకు వచ్చాకే స్ప్రాకెట్ జోలికి వెళ్ళాలి.

5. మాగ్నెట్‌ను ఎడమ వైపు నుంచి చూస్తూ గడియారపు ముల్లుకు ఎదురు దిక్కులో తిప్పి, టి గుర్తును గీతకు సరిగ్గా ఎదురుగా ఆపండి. ఈ ఇంజన్ తిరిగే దిక్కు అదే. మధ్యలో ఉన్న నట్టుకు స్పానర్ వేసి తిప్పకండి, ఎదురు దిక్కులో తిప్పితే ఆ నట్టే వదులవుతుంది. ప్లగ్ తీసేశారు కనుక మాగ్నెట్ అంచును అరచేత్తో పట్టి తిప్పితే సరిపోతుంది. గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పి ఆపకండి. పావు చుట్టు వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకు వస్తూ గుర్తు దగ్గర ఆపండి.

ఈ దశలో తప్పనిసరిగా వచ్చే సందేహం ఒకటుంది: "ఇది కంప్రెషన్ టీడీసీనా, ఎగ్జాస్ట్ టీడీసీనా?" అంటే పిస్టన్ గ్యాస్‌ను అదుముతూ పైకి వచ్చిందా, పొగను బయటికి తోస్తూ వచ్చిందా అని. చైను ఇంకా క్యామ్‌కు ఎక్కలేదు కనుక ఈ ప్రశ్నకు ఇప్పుడు అర్థమే లేదు. క్రాంక్‌కు టీడీసీ ఒక్కటే తెలుసు, అది ఏ స్ట్రోకు అన్నది క్యామే నిర్ణయిస్తుంది. పైగా ఈ బండిలో స్పార్కును నడిపించేది క్రాంక్ మీదున్న మాగ్నెట్, అంటే ప్రతి చుట్టుకూ ఒకసారి స్పార్కు పడుతుంది. టి గుర్తు దగ్గర ఆపండి, అంతే. పాత బుల్లెట్ వంటి బండ్లలో పాయింట్లు క్యామ్ వేగంతో తిరుగుతాయి కనుక అక్కడ ఈ ప్రశ్నకు విలువ ఉంది, ఆ అలవాటును ఇక్కడికి తేవద్దు.

6. టెన్షనర్ బోల్టును వదులు చేయండి, లేదా ఇంకా బిగించకుండా ఉంచండి. పుష్ రాడ్డు ఒత్తిడి ఉంటే స్ప్రాకెట్ కూర్చోదు, బలవంతాన తోస్తే ఒక పన్ను దాటి కూర్చుంటుంది.

7. స్ప్రాకెట్‌ను చైనులో పెట్టండి. క్యామ్ స్ప్రాకెట్ మీద సున్నాలా కనిపించే ఓ గుర్తు, హెడ్ మీద దానికి ఎదురుగా ఒక చిన్న గాడి ఉంటాయి. గుర్తున్న ముఖం బయటికి ఉండాలి. మొదట చైను కింది వరుసను బిగువుగా లాగి పట్టండి. ఎడమ నుంచి చూస్తే క్రాంక్ ఎదురు దిక్కులో తిరుగుతుంది కనుక, క్యామ్‌ను లాగే వరుస కిందిది. ఆ వరుసలో వదులు మిగలకుండా, ఉన్న వదులంతా పై వరుసలోకి వచ్చేలా చూస్తూ, ఓ గుర్తు గాడికి ఎదురుగా వచ్చే పన్ను దగ్గర స్ప్రాకెట్‌ను చైనులో కూర్చోబెట్టండి. నేను చూసిన ఒక పన్ను తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి: కింద వదులు వదిలేసి గుర్తు కలిపితే, టెన్షనర్ బిగించగానే ఆ వదులు పైకి పోతుంది, క్యామ్ వెనక్కి జరుగుతుంది, గుర్తు తప్పుతుంది.

8. క్యామ్‌ను కొద్దిగా అటూ ఇటూ కదిపి బోల్టు రంధ్రాలు కలపండి. స్ప్రాకెట్‌ను తిప్పి రంధ్రాలు కలపకూడదు. బోల్టులు పెట్టేముందు చైను సొరంగం నోట్లో గుడ్డ కుక్కండి. చేతిలోంచి జారిన బోల్టు నేరుగా క్రాంక్ కేసులోకి పోతుంది, దాన్ని తీయడానికి ఒక పూట పడుతుంది. బోల్టులను ముందు చేత్తో ఎక్కించి, తర్వాత మాన్యువల్ బిగువుకు బిగించి, గుడ్డ తీసేయండి. కుక్కిన గుడ్డలు ఎన్నో లెక్కపెట్టుకుని, తీసినవీ అన్నే ఉన్నాయో లేదో చూసుకోండి.

9. టెన్షనర్‌లో పుష్ రాడ్డు, స్ప్రింగు పెట్టి, సిరంజితో కొద్దిగా ఇంజన్ ఆయిలు వేసి, కొత్త వాషరుతో బోల్టు బిగించండి. రాడ్డు ఆయిలు ఆసరాతో పనిచేస్తుంది. పొడిగా కడితే మొదటి కొన్ని నిమిషాలు చైను గలగలమంటుంది, కొత్తగా కట్టిన ఇంజన్‌లో ఆ చప్పుడు వింటే అనవసరపు భయం పట్టుకుంటుంది.

10. ఇప్పుడు మాగ్నెట్‌ను చేత్తో మెల్లగా, తిరిగే దిక్కులోనే, రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఏదో అడ్డుపడినట్టు ఆగితే బలం పెట్టకండి, వాల్వు పిస్టన్‌కు తగులుతోందేమోనని అనుమానించి వెనక్కి వచ్చి మొదటి నుంచి చూడండి. రెండు చుట్లు తిరిగి టి గుర్తు గీత దగ్గరకు వచ్చాక ఓ గుర్తు ఎక్కడుందో చూడండి. టెన్షనర్ బిగించాక, రెండు చుట్లు తిరిగాక కనిపించే ఈ స్థానమే అసలైన టైమింగ్. చైను ఎక్కించినప్పుడు కనిపించినదాన్ని లెక్కలోకి తీసుకోకండి.

గుర్తు సరిగ్గా కలవకపోతే

ఓ గుర్తు గాడికి ఎదురుగా ఉంటే పని అయినట్టే. కొద్దిగా తేడా ఉంటే అది ఎటు ఉందో చూడండి. క్యామ్ తిరిగే దిక్కులో గుర్తు ఇంకా గాడిని చేరకపోతే క్యామ్ ఆలస్యంగా ఉన్నట్టు, దాటిపోతే ముందుగా ఉన్నట్టు. పన్నులో పావు వంతు కన్నా తక్కువ తేడా, అదీ ఆలస్యం వైపు ఉంటే, పాత చైనుకో అరగదీసిన హెడ్‌కో అది మామూలే. చైనును ఒక పన్ను జరిపి చూస్తే తేడా ఇంకా పెరుగుతుంది కనుక అలాగే వదిలేయండి.

ఎటు జరిపినా సగం పన్ను తేడా కనిపిస్తోందంటే, అక్కడ చైనుతో కుస్తీ పట్టడం ఆపి కారణం వెతకండి. మొదట మీరు టి దగ్గర ఆపారా, ఎఫ్ దగ్గర ఆపారా చూడండి. ఎఫ్ దగ్గర ఆపితే తేడా దాదాపు సగం పన్నంత కనిపిస్తుంది. నాకు తెలిసిన అతి సాధారణమైన కారణం ఇదే. తర్వాత మాగ్నెట్ కీ. తర్వాత చైను సాగుడు. తర్వాత స్ప్రాకెట్. ఆటోనగర్ దుకాణాల్లో దొరికే కొన్ని స్ప్రాకెట్ల మీద ఓ గుర్తు కొద్దిగా పక్కకు పంచ్ అయి ఉండడం చూశాను. పాత స్ప్రాకెట్‌ను పారేయకుండా ఉంచుకుని, రెండింటినీ బోల్టు రంధ్రాలు కలిసేలా ఒకదానిపై ఒకటి పెట్టి, గుర్తుకూ పన్నుకూ ఉన్న సంబంధం పోల్చితే అది వెంటనే తేలిపోతుంది.

టి గుర్తు మీదే అనుమానం ఉంటే, టీడీసీని మీరే కనుక్కోండి. ఈ హెడ్‌కు 10 మిల్లీమీటర్ల మరల ప్లగ్ పడుతుంది. పాడైన ప్లగ్ ఒకటి తీసుకుని, పింగాణీ పగలగొట్టి తీసేసి, అందులో కొన గుండ్రంగా అరగదీసిన బోల్టు బిగిస్తే అదే పిస్టన్ స్టాపర్. పిస్టన్ పైకి రాకముందే దానికి తగిలేంత పొడవు ఉండాలి. క్యామ్ స్ప్రాకెట్ విప్పి, రెండు వాల్వులూ మూసి ఉన్న స్థితిలో, చైనును లాగి పట్టుకుని, మాగ్నెట్‌ను నెమ్మదిగా ముందుకు తిప్పండి. పిస్టన్ తగిలి ఆగిన చోట మాగ్నెట్ మీద, కేసు మీది గీతకు ఎదురుగా ఒక గీత పెట్టండి. తర్వాత వెనక్కి తిప్పుతూ వెళ్ళి, మళ్ళీ తగిలిన చోట ఇంకో గీత పెట్టండి. టి గుర్తు ఉన్న వైపు, ఆ రెండు గీతలకు సరిగ్గా మధ్యలో ఉన్నదే నిజమైన టీడీసీ. టి గుర్తు అక్కడే ఉంటే మాగ్నెట్ సరైనదే. లేకపోతే కీ, మాగ్నెట్ రెండింటిలో ఒకటి తప్పు. పని కాగానే స్టాపర్ తీసేయడం మరచిపోకండి, అది లోపలుండగా కిక్ కొడితే పిస్టన్ తల పగులుతుంది.

గుర్తులతో పనిలేని పరీక్ష

గుర్తులన్నీ కలిసినా నేను ఈ పరీక్ష చేయకుండా మూత వేయను. ట్యాపెట్లు ముందు సరిచేసుకోవాలి. టి గుర్తు గీత దగ్గర, ఓ గుర్తు గాడి దగ్గర, రెండు రాకర్లూ వదులుగా ఉన్నప్పుడు, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగా రెండు ట్యాపెట్లకూ వాల్వు కొనలకూ మధ్య గ్యాపు పెట్టండి. సీడీ 100కు రెండింటికీ 0.05 మిల్లీమీటర్లు. ఫీలర్ పలక సన్నని వెన్న పూత మీద కత్తి జారినట్టు కొద్దిపాటి పట్టుతో జారాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు ట్యాపెట్ స్క్రూ కూడా తిరుగుతుంది కనుక, కీతో దాన్ని కదలకుండా పట్టి, బిగించిన తర్వాత మళ్ళీ కొలవండి.

ఇప్పుడు మాగ్నెట్‌ను ఒక చుట్టు తిప్పి టి గుర్తును మళ్ళీ గీత దగ్గరకు తెండి. ఈసారి ఓ గుర్తు గాడికి ఎదురు పక్కన ఉంటుంది. ఇది ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ, ఇన్‌లెట్ వాల్వు తెరుచుకోవడం మొదలయ్యే చోటు. రెండు ట్యాపెట్ల మీదా చెరో వేలు ఉంచి, మాగ్నెట్‌ను టి గుర్తుకు అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపండి. వెనక్కి తిప్పినప్పుడు ఎగ్జాస్ట్ రాకర్, ముందుకు తిప్పినప్పుడు ఇన్‌లెట్ రాకర్ కదలాలి, ఆ రెండు కదలికల మధ్యలో టి గుర్తు ఉండాలి. రెండు వైపులా దూరం కొలిచినట్టు సమానం కానక్కరలేదు. కానీ చైను ఒక పన్ను తప్పి ఉంటే, టి గుర్తు ఒక వైపుకు బాగా జరిగిపోయి, గీత దగ్గర ఆగినప్పుడే ఒక రాకర్ గట్టిగా తెరిచి ఉంటుంది. ఈ తేడాను వేళ్ళు తప్పక పట్టేస్తాయి. మాగ్నెట్ మీది గుర్తు తప్పయినా, స్టాపర్‌తో కనుక్కున్న టీడీసీ దగ్గర ఇదే పరీక్ష చేయవచ్చు.

ఓ గుర్తు గాడి దగ్గర ఉన్నా రాకర్లు బిగుతుగా ఉంటే, క్యామ్ స్ప్రాకెట్‌కు సగం చుట్టు తేడాతో బిగిసిందన్నమాట. మాగ్నెట్ ప్రతి చుట్టుకూ స్పార్కు ఇస్తుంది కనుక అలా ఉన్నా బండి నడుస్తుంది. అయితే తర్వాత ఎవరైనా మాన్యువల్ ప్రకారం ఓ గుర్తు చూసి ట్యాపెట్ పెడితే, వాల్వులు కొద్దిగా తెరిచి ఉన్న చోట గ్యాపు పెట్టినట్టవుతుంది. విప్పి సరిచేయడమే మంచిది.

స్టార్టు చేశాక

మూతలు వేసేముందు క్యామ్ మీద, రాకర్ల మీద రెండు చెంచాల ఇంజన్ ఆయిలు పోయండి. ప్లగ్ లేకుండా, స్విచ్ ఆపి, పది పదిహేను కిక్కులు నెమ్మదిగా కొట్టండి. తర్వాత ప్లగ్ బిగించి కిక్ మీద కాలు వేసినప్పుడు పాదానికి గట్టి ఎదురు తగలాలి. కొత్త రింగులు వేసిన ఇంజన్ కొద్దిగా గట్టిగానే ఉంటుంది. కిక్ మెత్తగా జారిపోతూ ఉంటే, మొదట ట్యాపెట్ గ్యాపు, తర్వాత టైమింగ్ అనుమానించాలి.

బండి స్టార్టయితే ఒక నిమిషం ఐడిల్‌లో నడిపి ఆపండి. పై ట్యాపెట్ మూత తీసి టార్చి వేయండి, రాకర్ మీద కొత్త ఆయిలు తడి మెరుస్తూ కనిపించాలి. పొడిగా ఉంటే నడపకండి, ఆయిలు దారి ఎక్కడో మూసుకుంది.

టైమింగ్ ఎటు తప్పిందో నడిపితే తెలుస్తుంది. క్యామ్ ఆలస్యంగా ఉంటే ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, పీల్చిన గ్యాస్ కొంత వెనక్కి కార్బొరేటర్ వైపు పోతుంది. ఫలితంగా కిక్ తేలిక, స్టార్టింగ్ కష్టం, తక్కువ వేగంలో పికప్ లేకపోవడం, కార్బొరేటర్ దగ్గర టప్పుమని కొట్టడం కనిపిస్తాయి. క్యామ్ ముందుగా ఉంటే తక్కువ వేగంలో బాగానే అనిపించి, పై వేగానికి వచ్చేసరికి ఊపిరి ఆగినట్టు నిలిచిపోతుంది. ఈ లక్షణాలు కనిపించిన వెంటనే కార్బొరేటర్ జెట్‌లు మార్చడం, పెట్రోలు స్క్రూ తిప్పడం చాలామందికి అలవాటు. అలా చేస్తే అసలు తప్పు దాక్కుని, దాని పక్కన రెండో తప్పు చేరుతుంది. ముందు హెడ్ పక్క మూత తీసి గుర్తు చూడండి, అది పావుగంట పని.

బండిని 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపాక, రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద ఉదయాన్నే ట్యాపెట్లు మళ్ళీ కొలవండి. కొత్త వాల్వులు, కొత్త సీట్లు కూర్చుంటూ గ్యాపు తగ్గుతుంది. అప్పుడే పక్క మూత కూడా తీసి, టి గుర్తు దగ్గర ఓ గుర్తు ఎక్కడుందో చూసి, మొదటి రోజు ఉన్న చోటుతో పోల్చండి. కొత్త చైను ఈ కొద్ది దూరంలోనే మొదటి సాగుడు సాగుతుంది కనుక వెంట్రుకంత ఆలస్యం కనిపిస్తే చింతించనక్కరలేదు. కంటికి స్పష్టంగా తెలిసేంత జరిగి ఉంటే టెన్షనర్ రాడ్డు పనిచేయడం లేదు, అడుగున బోల్టు విప్పి స్ప్రింగు తీసి చూడండి.